విత్తనం మార్చే ముందు కుదుళ్లు లెక్కపెట్టండి

గోదావరి డెల్టాలో రెండెకరాలు కౌలుకు చేస్తున్నానని, సార్వాలో (ఖరీఫ్‌లో) స్వర్ణ రకం వరి వేస్తే ఎకరాకు పాతిక బస్తాలు దాటడం లేదని, విత్తనం మారిస్తే పెరుగుతుందా అని అడిగారు. మాదీ డెల్టా కిందే వరి సాగు. నన్నడిగితే ఈ ఏడాది విత్తనం జోలికి వెళ్లకండి. మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి 1982లో వచ్చిన స్వర్ణ (ఎంటీయూ 7029) పాతదే గానీ, పాతిక బస్తాల దగ్గర ఆగిపోయే రకం కాదు.

నాట్లు పూర్తయ్యాక మీటరు పొడవు వెదురు బద్దలు నాలుగు చదరంగా కట్టి చేలోకి దిగండి. గట్టు పక్కన కాదు, చేను మధ్యలో నాలుగైదు చోట్ల అది వేసి లోపలి కుదుళ్లు, అంటే ఒక్కోచోట కలిపి నాటిన మొక్కల గుత్తులు, లెక్కపెట్టండి. చదరపు మీటరుకు సార్వాలో 33, దాళ్వాలో (రబీలో) 44 ఉండాలని శాస్త్రవేత్తల సిఫార్సు. గుత్తకు నాటించినప్పుడు మా చేలో గట్టు వెంట ముప్పై దాకా ఉండేవి, నడిమికి వెళ్తే ఇరవై కూడా కష్టమే. కూలీలను తప్పుపట్టి లాభం లేదు. ఎకరాకు ఇంత అని మాట్లాడుకున్నాక గబగబా నాటితేనే వాళ్లకు గిట్టుతుంది. ఇప్పుడు కొంత ఎక్కువిచ్చి తాడు పట్టించి నాటిస్తున్నాం. ఆ అదనపు ఖర్చు ఒక బస్తాతో తీరిపోతోంది, దిగుబడి మాత్రం మూడు నాలుగు బస్తాలు పెరిగింది.

పలచబడిన చేనును యూరియాతో నింపాలని చూడకండి. చేను నల్లగా ఎదిగితే గట్టు మీద వెళ్లేవాళ్లు మెచ్చుకుంటారు, మొక్క రసం పీల్చే సుడిదోమ ఇంకా మెచ్చుకుంటుంది. రెండు మీటర్లకొకటి చొప్పున 20 సెంటీమీటర్ల కాలిబాట వదలండి. ఆ మేర మొక్కలు తగ్గినా దోమ ఉధృతి తగ్గడంతో కలిసొస్తుంది.

కాలువ నీళ్లు ఆలస్యమై నారు ముదిరితే లెక్క మారుతుంది. పంటకాలంలో నెలకో వారం చొప్పున నారు వయసు ఉండాలని పెద్దలు చెప్పేది స్వర్ణకూ సరిపోతుంది: అయిదు నెలల పంటకు అయిదు వారాల లోపు నాటాలి. అది దాటితే కుదుళ్లు సార్వాలోనూ 44 దాకా పెంచి, కుదురుకు నాలుగైదు మొక్కలు పెట్టండి. నత్రజని (యూరియా) మూడు దఫాలు కాకుండా 70 శాతం దమ్ములోనే, అంటే నాట్లకు ముందు చేను బురదగా దున్నేటప్పుడే వేసి, మిగతా 30 అంకురం దశలో, అంటే కాండం లోపల వెన్ను మొదలయ్యేటప్పుడు వేయండి.

ఆ అంకురం దశను తేదీ చూసి నిర్ణయించకండి. తల్లి పిలకను పీకి, మొదలు దగ్గర బ్లేడుతో నిలువునా చీల్చండి. లోపల తెల్లగా, నూగుతో చిన్న మొన కనిపిస్తే అదే అదును. నీళ్లు తీసేసి, బురద పదునులో యూరియా చల్లి, రెండు రోజులాగి మళ్లీ నీరు పెట్టండి.

చిన్న రైతులు దేశానికి తిండి పెట్టగలరా అని కూడా అడిగారు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో 86 శాతం కమతాలు రెండు హెక్టార్ల లోపువే, పెట్టాల్సింది మనమే. 75 కిలోల బస్తా ధాన్యం మరాడిస్తే 67 శాతం చొప్పున 50 కిలోల బియ్యం. 2013 ఆహార భద్రత చట్టం కింద మనిషికి నెలకు 5 కిలోలంటే, ఎకరాకు పెరిగే ఒక్కో బస్తా ఒకరికి పది నెలల రేషను.

మీ కౌలు బస్తాల లెక్కన ముందే ఖరారై ఉంటే పెరిగిన ధాన్యమంతా మీదే. సమపాలు ఒప్పందమైతే తాడు పట్టి నాటించే అదనపు కూలిలో సగం భూయజమానిని అడగండి, నాట్లకు ముందే.