కారు మార్చాలా అని అడిగారు, నేను లారీ గురించి చెబుతా

ప్రశ్న: "నా పెట్రోలు కారు లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తోంది. 22 ఇచ్చే హైబ్రిడ్‌కి మారితే పర్యావరణానికి నిజంగా మేలు జరుగుతుందా, లేక హైడ్రోజన్ కార్లు వచ్చేదాకా ఆగడం మంచిదా?"

ముందు హైడ్రోజన్ సంగతి తేల్చేస్తా. ఆగకండి. కరెంటు పెట్టి నీళ్లను విడగొట్టి హైడ్రోజన్ తీయాలి, దాన్ని 700 బార్ ఒత్తిడితో ట్యాంకులో కుక్కాలి, మళ్లీ కారులోని ఫ్యూయల్ సెల్‌లో దాన్ని కరెంటుగా మార్చాలి. ప్రతి చోటా కొంత పోగా, మొదట పెట్టిన కరెంటులో చక్రాల దాకా వచ్చేది దాదాపు మూడో వంతు. అదే కరెంటు నేరుగా బ్యాటరీకి ఎక్కిస్తే చాలా వరకు చక్రాలకే చేరుతుంది. టయోటా మిరాయ్ అనే హైడ్రోజన్ కారు 2014లోనే అమ్మకానికొచ్చింది, అప్పటి నుంచి హైడ్రోజన్ కార్లు రేపోమాపో వచ్చేస్తాయని వింటూనే ఉన్నాం.

ఇక హైబ్రిడ్, అంటే పెట్రోలు ఇంజనుకు తోడు బ్యాటరీ, మోటారు కూడా ఉన్న కారు. మారితే మేలే. కానీ ఏడు కిలోమీటర్లు పెరిగిపోతోందని మురిసిపోయే ముందు లెక్క తిరగేసి, 100 కిలోమీటర్లకు బండి ఎన్ని లీటర్లు తాగుతోందో చూడండి. లీటరుకు 15 అంటే 6.7 లీటర్లు, 22 అంటే 4.5 లీటర్లు. మిగిలేది రెండు లీటర్ల చిల్లర. ఇప్పుడు లీటరుకు 3 ఇచ్చే లోడు లారీని 3.5కి తెచ్చారనుకోండి. అర కిలోమీటరే కదా అని ఎవరూ పట్టించుకోరు, కానీ 33.3 లీటర్లు కాస్తా 28.6కి దిగుతాయి, అంటే దాదాపు ఐదు లీటర్ల ఆదా! లారిక్, సోల్ అనే ఇద్దరు పరిశోధకులు 2008లో 'సైన్స్' పత్రికలో సరిగ్గా ఈ సంగతే రాశారు, మైలేజ్ అంకె చూసి జనం ఆదాను తప్పుగా అంచనా వేస్తారని. అయినా బ్రోషర్లలో ఇప్పటికీ అదే అంకె పెద్ద అక్షరాల్లో వేస్తారు, ఎందుకంటే 22 అని వేస్తే కనిపించే గొప్ప 4.5 అని వేస్తే ఉండదు మరి.

నేను కొన్నేళ్లు ఒక రవాణా కంపెనీలో లారీల మెయింటెనెన్స్ చూశాను. ఒక కంటైనర్ బండి మిగతావాటి కన్నా ఎక్కువ డీజిల్ తాగుతోందని ఆఫీసులో గోల. డ్రైవరే డీజిల్ అమ్ముకుంటున్నాడని మేనేజర్ అనుమానం (లెక్క తేడా వస్తే మొదటి అనుమానం ఎప్పుడూ డ్రైవర్ మీదే, అదో జబ్బు). ఇంజెక్టర్లు చూశాం, ఎయిర్ ఫిల్టర్ మార్చాం, టైర్లలో గాలి చూశాం, బ్రేకులు పట్టేస్తున్నాయేమో అని చక్రాల హబ్బులు చేత్తో తాకి మరీ చూశాం. ఏమీ లేదు. చివరికి ఆ డ్రైవరన్నే నన్ను పిలిచి, "తమ్ముడూ, ఇంజను కింద ఏం వెతుకుతావు గానీ ఇటు వచ్చి ఆ పురుగులు చూడు" అన్నాడు.

క్యాబిన్‌కీ కంటైనర్‌కీ మధ్య సందులో నిలబడి పైకి చూస్తే, కంటైనర్ ముందు గోడ మీద క్యాబిన్ ఎత్తు దాటిన చోట అడ్డంగా ఒక నల్లటి పట్టీ. రాత్రిపూట పరిగెత్తే బండికి గుద్దుకుని చచ్చిన పురుగులు, రెక్కలు, ఎండిపోయిన పసుపు మరకలు. కింద భాగం మాత్రం శుభ్రంగా ఉంది. పురుగులు ఎక్కడ అతుక్కున్నాయో గాలి అక్కడే గోడకు కొడుతోందన్నమాట. క్యాబిన్ పైన గాలిని ఎత్తి పంపడానికి ఉండే డిఫ్లెక్టర్‌ను అంతకుముందు ఎవరో పొట్టి ట్రెయిలర్ కోసం కిందికి దించి అలాగే వదిలేశారు. స్పానర్ తెచ్చి వెనక సపోర్టు రాడ్డు బోల్టులు వదులు చేసి, దాన్ని లేపి బిగించాం. గోడ కడిగించి బండిని పంపాం. తిరిగొచ్చాక చూస్తే పురుగులు పై అంచు దగ్గర మాత్రమే, అవీ అక్కడక్కడ.

మైలేజ్ లీటరుకు 3 నుంచి 3.2కి వచ్చింది. "ఇంతేనా?" అన్నాడు మేనేజర్. ఇంతే. కానీ ఏడాదికి లక్ష కిలోమీటర్లు తిరిగే బండికి ఆ 0.2 అంటే దాదాపు 2,080 లీటర్ల డీజిల్, లీటరుకు 2.7 కిలోల చొప్పున చూస్తే అయిదున్నర టన్నుల కార్బన్ డయాక్సైడ్. మీరు ఏడాదికి పది వేల కిలోమీటర్లు తిరిగితే హైబ్రిడ్‌తో మిగిలేది 210 లీటర్ల పెట్రోలు. అంటే ఆ స్పానర్ పని పది హైబ్రిడ్ కార్లకు సమానం, దానికి ఏ ప్రకటనా లేదు, ఏ రాయితీ లేదు.

అందుకే నా గట్టి అభిప్రాయం, గ్రీన్ టెక్నాలజీ అంటూ ఖర్చు పెట్టేదేదో ముందు లారీల మీద పెట్టాలి. హైవే మీద పెద్ద లారీ ఇంజను శక్తిలో సగానికి అటూఇటూ గాలిని తోసుకుపోవడానికే అయిపోతుంది. పైగా వేగం 80 నుంచి 100కి పెంచితే గాలి అడ్డు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. 2022 డిసెంబరులో టెస్లా సెమీ అనే ఎలక్ట్రిక్ లారీ మొదటి బండ్లు అందినప్పుడు అందరూ బ్యాటరీ గురించే మాట్లాడారు, నేను చూసింది గాలిని చీల్చుకుపోయే దాని కోసు ముక్కు. ట్రెయిలర్ కిందికి గాలి దూరకుండా పక్కలకు బిగించే స్కర్టులు, తక్కువ రాపిడి టైర్లు, టైర్లలో గాలి తగ్గితే చెప్పే సెన్సర్లు, ఇవన్నీ ఇప్పుడే దొరుకుతున్నాయి. ఇక ఏసీ కోసం రాత్రంతా ఇంజను ఆన్‌లో ఉంచడం ఉంది చూశారూ, గంటకు మూడు లీటర్ల దాకా ఊరికే పోతుంది. డ్రైవర్‌ను తిట్టి లాభం లేదు, మండే క్యాబిన్‌లో ఎలా పడుకుంటాడు? బ్యాటరీతో నడిచే చిన్న ఏసీ పెట్టించమని అడిగితే మా ఆఫీసులో ఆ కాగితం ఎన్ని టేబుళ్లు తిరిగిందో నాకే తెలియదు.

సరే, మీ కారు. సిటీలో ఆగుతూ సాగుతూ వెళ్లే తిరుగుడే ఎక్కువైతే హైబ్రిడ్ తీసుకోండి, బ్రేకు వేసినప్పుడు వేడిగా పోయే శక్తిని అది బ్యాటరీలోకి లాక్కుంటుంది, సిగ్నల్ దగ్గర ఇంజను ఆపేస్తుంది. 1997లో వచ్చిన మొదటి టయోటా ప్రియస్ హైబ్రిడ్ నుంచీ ఉన్న కిటుకే. హైవే మీదే ఎక్కువ నడిపితే ఆ లాభం బాగా తగ్గిపోతుంది, అప్పుడు 22 అన్న అంకెను నమ్ముకోకండి. ఇంటి దగ్గర ఛార్జింగ్ పెట్టుకునే వీలుంటే నేరుగా ఎలక్ట్రిక్ చూడండి. ప్లగ్-ఇన్ హైబ్రిడ్ మాత్రం రోజూ ప్లగ్ పెట్టే ఓపిక ఉంటేనే కొనండి. కేబుల్‌ను డిక్కీలో కవర్ కూడా విప్పకుండా పడేసి, రెండు వందల కిలోల బ్యాటరీని పెట్రోలు పోసి మోయించేవాళ్లను నేను చూశాను.