రెసిడెన్సీకి వెళ్లే పిల్లలకు నువ్వు చెప్పాల్సినవి

చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఈ ఏడాది మీ కాలేజీలో రెసిడెన్సీకి, అంటే చదువయ్యాక ఆసుపత్రిలో చేసే శిక్షణకి, అప్లై చేసే ఫైనలియర్ ఫార్మ్‌డీ (ఫార్మసీ డాక్టరేట్) పిల్లల్ని తయారు చేసే పని నువ్వే నెత్తికెత్తుకున్నావని మీ అమ్మ చెప్పింది. పొంగిపోయాను. ఆ రాత్రే బెంగ కూడా పట్టుకుంది. నీకు జాలి ఎక్కువ, ఎదుటివాళ్లు ఏడిస్తే నీకు అన్నం సహించదు. డిసెంబరు నుంచి మార్చి దాకా అమెరికాలో ఫార్మసీ పిల్లలు బాగా ఏడుస్తారమ్మా. ఏళ్ల తరబడి ఆసుపత్రిలో అప్లికేషన్లు చదివి, ఇంటర్వ్యూలు చేసినదాన్ని కాబట్టి టేబుల్‌కి అటువైపు నుంచి చూసింది రాస్తున్నాను.

సీవీ వేసవిలోనే రాయించు. రిఫరెన్సు లెటర్లు అక్టోబరులోగా అడగమను. పెద్ద పేరున్న ప్రొఫెసర్ కంటే రొటేషన్‌లో (ఆసుపత్రి విభాగాల్లో చేసే శిక్షణలో) రోజూ పక్కనే ఉండి పని చూసిన ప్రిసెప్టర్, అంటే అక్కడ పని నేర్పే ఫార్మసిస్టు, రాసిందే మేం నమ్ముతాం. అప్లికేషన్లు పంపే ఆన్‌లైన్ పద్ధతి ఫోర్కాస్‌లో ఒక్కో ప్రోగ్రాంకి ఒక్కో గడువు ఉంటుంది, విడివిడిగా రాసి పెట్టుకోవాలి. డిసెంబరులో జరిగే, ఫార్మసిస్టుల సంఘం ఏఎస్‌హెచ్‌పీ వాళ్ల మిడ్‌ఇయర్ మీటింగ్‌కి వెళ్తే మంచిదే గానీ, అప్పు చేసి మాత్రం ఎవరినీ పంపకు. ఫార్మసిస్టు లైసెన్స్ పరీక్ష నాప్లెక్స్ సంగతి ఇప్పటినుంచే చెప్తూ ఉండు. రెసిడెన్సీలో కనీసం మూడింట రెండు వంతుల కాలం లైసెన్స్ చేతిలో ఉండి పనిచెయ్యాలి. చేరాక చూసుకుందాం అనుకుంటే కుదరదు.

లెటర్ ఆఫ్ ఇంటెంట్ (ఈ ప్రోగ్రాం ఎందుకు కావాలో చెప్పే ఉత్తరం) దగ్గర కొంచెం కఠినంగా ఉండు. "చిన్నప్పటినుంచీ నాకు రోగులకు సేవ చెయ్యాలని కోరిక" అని మొదలుపెట్టిన ఉత్తరాలు చదివీ చదివీ విసుగొచ్చేది. ఒక పిల్ల మాత్రం ఇలా రాసింది: కిడ్నీలు దెబ్బతిన్న ఒక పెద్దాయనకు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఎనాక్సాపరిన్ రోజుకు రెండుసార్లు రాశారు, కిడ్నీలు ఎంత పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ క్లియరెన్స్ లెక్కకడితే 30 కంటే తక్కువ వచ్చింది, ఒక్కసారికి తగ్గిద్దామని రౌండ్స్‌లో డాక్టర్‌కి చెప్పడానికి భయపడుతూనే చెప్పాను, ఆయన ఆర్డర్ మార్చారు. అంతే రాసింది. ఆ పిల్లని ఇంటర్వ్యూకి పిలవాలా వద్దా అని మేం చర్చించుకోనే లేదు. ప్రతి ఒక్కరి దగ్గరా ఇలాంటిది ఒకటి ఉంటుంది, చెప్పుకోదగ్గదని వాళ్లకు తెలియదు. కూర్చోబెట్టి అడుగు.

మన దేశం నుంచి వచ్చినవాళ్లను ఇంకో మాట అడగాలి. వీసా ఏమిటి? చాలా ప్రోగ్రాంలు వీసా స్పాన్సర్ చెయ్యవు. ఆ సంగతి ముందే కనుక్కుని అప్లై చేస్తే ఫీజూ మిగులుతుంది, మనసూ మిగులుతుంది. ఇక ఇండియా నుంచి మన చుట్టాల పిల్లలు నీకు ఫోన్లు చేస్తారు, చూస్తూ ఉండు. 2003 తర్వాత నాలుగేళ్ల బీఫార్మసీ చేసినవాళ్లకు ఎఫ్‌పీజీఈసీ (విదేశాల్లో ఫార్మసీ చదివినవాళ్లు ఇక్కడ లైసెన్స్‌కి ముందు తెచ్చుకునే సర్టిఫికెట్) దారి లేదని మొదటి ఫోన్‌లోనే చెప్పెయ్. 2008లో అక్కడ మొదలైన ఆరేళ్ల ఫార్మ్‌డీ చేసినవాళ్లకు ఆ దారి ఉంది. బాధపడతారని నాన్చకు. నాన్చితే వాళ్లకు ఇంకో ఏడాది పోతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ర్యాంక్ లిస్ట్. ఇంటర్వ్యూలయ్యాక పిల్లలు తమకు కావాల్సిన ప్రోగ్రాంలను, ప్రోగ్రాంలు తమకు కావాల్సిన పిల్లల్ని వరుసగా రాసిస్తారు. ఆ లిస్టులను కంప్యూటర్ జతకట్టడమే మ్యాచ్.

మా దగ్గర రొటేషన్ చేసిన ఒక తెలుగు కుర్రాడు ఉండేవాడు. చురుకైనవాడు. క్యాన్సర్ మందుల విభాగం అంటే ప్రాణం. ఒక ఆసుపత్రిలో ఆంకాలజీ (క్యాన్సర్ విభాగం) బ్రహ్మాండంగా ఉందని, అక్కడికే వెళ్లాలని ఏడాదంతా కలవరించాడు. ఇంటర్వ్యూలు అయ్యాయి. అక్కడివాళ్లు ముభావంగా ఉన్నారట. ఇంకో ఊరి ప్రోగ్రాం డైరెక్టర్ మాత్రం "మీరు మాకు చాలా నచ్చారు" అని ఆప్యాయంగా మెయిల్ పెట్టాడు. కుర్రాడు తండ్రిని అడిగాడు. ఆయన పెళ్లి సంబంధం లెక్కలో ఆలోచించాడు. కోరి వచ్చిన సంబంధాన్ని కాదంటారా, వాళ్లనే మొదట పెట్టు అన్నాడు. పెట్టాడు. వచ్చింది. వెళ్లాడు. అక్కడ ఆంకాలజీ రొటేషన్ ఏదో పేరుకి ఉంది. ఆ వేసవిలో ఒక మీటింగ్‌లో, తను కోరుకున్న ఆసుపత్రి ప్రిసెప్టర్ కలిసి, "నువ్వు మా లిస్టులో పైనే ఉన్నావు, నీ పేరు వస్తుందనుకున్నాం" అన్నాడట. ఆ రాత్రి నాకు ఫోన్ చేశాడు. చాలాసేపు మాట్లాడలేదు, ఊరికే లైన్లో ఉన్నాడు.

అతనికి ఆ మ్యాచ్ ఎలా పనిచేస్తుందో ఎవరూ విడమరచి చెప్పలేదు. కంప్యూటర్ మొదలుపెట్టేది విద్యార్థి లిస్టుతో. మొదట రాసుకున్న చోట అడుగుతుంది. వాళ్లకు కుదిరితే తాత్కాలికంగా అక్కడ ఉంచుతుంది, కుదరకపోతే రెండోచోటికి వెళ్తుంది. రెండో చోటువాళ్లు "మమ్మల్ని రెండోది చేశాడే" అని అలగడానికి లేదు, అసలు వాళ్లకు ఆ సంగతే తెలియదు. వాళ్ల లిస్టులో ఇతను ఎంత పైన ఉంటే అంత పైనే ఉంటాడు. అంటే ఆ కుర్రాడు కోరుకున్న ఆసుపత్రిని మొదట పెట్టి, వాళ్లు కాదన్నా సరే, మెయిల్ పెట్టినాయన దగ్గర సీటు ఎక్కడికీ పోయేది కాదు. 1962లో గేల్, షేప్లీ అనే ఇద్దరు గణిత పండితులు కాగితం మీద తేల్చిన లెక్క ఇది. 2012లో షేప్లీకి, ఆల్విన్ రాత్‌కి నోబెల్ వచ్చింది ఇలాంటి పనికే. ఇంత పక్కాగా ఉన్నదాన్ని పిల్లలు ఊహాగానాలతో పాడుచేసుకుంటారు.

కాబట్టి నీ పిల్లలతో బోర్డు మీద ఈ లెక్క చేయించు. నలుగురు విద్యార్థులు, మూడు ఆసుపత్రులు చాలు. ఎవరికి మనం నచ్చామో ఊహించి లిస్టు రాయొద్దని వాళ్ల చేతే చెప్పించు. ఫలితాలకు ముందు ఎవరిని ఏ స్థానంలో పెట్టారో అడగడానికి ప్రోగ్రాంలకు హక్కు లేదు, ఎవరైనా అడిగితే నీకు వచ్చి చెప్పాలి. ఇంకోటి, మ్యాచ్ అయ్యాక వెనక్కి తగ్గడానికి ఉండదు. ఇంట్లో తల్లికి బాగాలేక మూడు వేల మైళ్లు వెళ్లలేని పిల్ల ఆ చోటు పేరు రాయకూడదు, లిస్టు చిన్నదైనా సరే. "ఎక్కువ రాస్తే మంచిది కదా మేడమ్" అని వాదిస్తారు. నిజమే, వెళ్లగలిగిన చోట్ల విషయంలో.

నువ్వు వాళ్ల బదులు లిస్టు రాయకు. ఇది నిన్ను తిట్టి చెప్తున్నాను. జాలితో రాసేస్తావు, నాకు తెలుసు.

మార్చిలో ఫలితాలు వచ్చే రోజు సెలవు పెట్టుకో. సీటు రానివాళ్లకు ముందు ఫోన్ చెయ్యి, వచ్చినవాళ్లు ఎలాగూ వాళ్లే చేస్తారు. రెండో విడత ఉంది, అందులో మిగిలిన సీట్ల లిస్టు వెంటనే వస్తుంది, ఉత్తరాలు మళ్లీ గబగబా రాసుకోవాలి. ఆ రోజు వాళ్లకు ఓదార్పు కంటే పక్కన కూర్చుని టైప్ చేసే మనిషి కావాలి. అప్పటికీ రాకపోతే, రెసిడెన్సీ లేకుండానే మంచి ఫార్మసిస్టులైనవాళ్లను నీకు ఎంతమందినైనా చూపిస్తాను, వాళ్లతో మాట్లాడిస్తాను.

సీవీలు, లెటర్లు తయారయ్యాక నాకు పంపు. రిటైరయ్యాను కదా, ఒక్కోటీ తీరిగ్గా చదివి పెడతాను. రాత్రుళ్లు కూర్చుని అన్నీ నువ్వే దిద్దకు. వేళకు తిను.

మీ పెద్దమ్మ