ఈఆర్‌సీలో లా మెంబర్‌గా వెళ్లాలనుకుంటున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మడికి బాబాయి ఆశీస్సులు.

విద్యుత్ నియంత్రణ మండలి (ఈఆర్‌సీ)లో లా మెంబర్ పోస్టుకు దరఖాస్తు పెట్టనా అని అడిగావు. పెట్టు. ప్రతి కమిషన్‌లోనూ న్యాయరంగం నుంచి ఒకరు ఉండి తీరాలని 2018లో గుజరాత్ కేసులో సుప్రీంకోర్టు తేల్చాక మన వకీళ్లకు అక్కడ ఒక కుర్చీ ఖాయమైంది. కానీ అది అచ్చంగా జడ్జి కుర్చీ అనుకుని వెళ్లకు.

డిస్కంకీ, అంటే ఇంటింటికీ కరెంటు పంపిణీ చేసే కంపెనీకీ, ఉత్పత్తి కంపెనీకీ మధ్య తగాదా వచ్చిందనుకో, అది నీకు కొట్టిన పిండే. కరెంటు ధరలు ఖరారు చేసే టారిఫ్ విచారణ వేరు. డిస్కం ఏఆర్ఆర్, అంటే ఏడాదికి తనకు ఎంత రాబడి కావాలో చూపే లెక్క, పట్టుకొస్తుంది. పరిశ్రమల తరఫున పెద్ద వకీలు వస్తాడు, రైతు సంఘాల వాళ్లు వస్తారు. నెలకు వంద యూనిట్లు కాల్చే ఇంటివాళ్లు మాత్రం దాదాపు రారు. వాళ్లు అడగాల్సినవి నువ్వే అడగాలి.

అడగాలంటే లెక్కలు రావాలి. ధరలో సింహభాగం కరెంటు కొనుగోలు ఖర్చే కాబట్టి ఫైలు అక్కడ తెరువు. ఏ ప్లాంటు నుంచి ఎన్ని యూనిట్లు, స్థిర చార్జీ ఎంత, కరెంటు తీసుకోకపోయినా కట్టాల్సింది ఎంత? తర్వాత వ్యవసాయ వాడకం చూడు. చాలా పంపుసెట్లకు మీటర్లు లేవు, కాబట్టి అక్కడ రాసేది అంచనానే. లైన్ నష్టాలను, దొంగ కరెంటును అందులో కలిపేయడానికి వీలెక్కువ. శాంపిల్ ట్రాన్స్‌ఫార్మర్ల రీడింగులు తెప్పించుకో. కమిషన్ ఇంజినీర్లను అడగడానికి మొహమాటపడకు. మన వకీళ్లకు ఆ జబ్బు ఉంది.

ఖర్చు కోసేసి ధర తగ్గించామనిపించుకోవడం తేలికే. న్యాయమైన ఖర్చును కోస్తే తర్వాత అసలు ఖర్చుతో లెక్క సరిచేసే ట్రూ-అప్ పేరుతో జనం మీదే పడుతుంది.

ప్రభుత్వం ఒత్తిడి ఉంటుందా అన్నావు. ఎందుకుండదు! ఉమ్మడి రాష్ట్రంలో కమిషన్ ఇచ్చిన తొలి టారిఫ్ ఆర్డర్ మీద మొదలైన ఆందోళనే 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్ కాల్పుల దాకా వెళ్లింది. ప్రభుత్వానికి ఎవరికైనా ధర తగ్గించాలనుంటే విద్యుత్ చట్టం సెక్షన్ 65 ప్రకారం సబ్సిడీ ముందే కట్టాలి. ఆ మాట ఆర్డర్‌లో సూటిగా రాయి. అభ్యంతరం చెప్పిన ప్రతి ఒక్కరికీ కారణంతో జవాబు రాయి. లేకపోతే అప్పీలేట్ ట్రిబ్యునల్ నుంచి ఆర్డర్ వెనక్కి వస్తుంది.

పదవి ఐదేళ్లు, లేదా 65 ఏళ్ల వయసు వరకు. అదే పదవిలో మళ్లీ వేయరు. దిగాక రెండేళ్లు వాణిజ్య ఉద్యోగం చేయకూడదు. ఏ విద్యుత్ కమిషన్ ముందూ ఎవరి తరఫునా వాదించకూడదు, దానికి గడువంటూ లేదు. నీ ప్రాక్టీసులో సగం అదే కదా! అందుకని దరఖాస్తు పెట్టకముందే మీ ఆయనతో కూర్చుని ఆ తర్వాతి ఆదాయం సంగతి మాట్లాడుకో. కంపెనీల వాటాలేమైనా ఉంటే అమ్మేయి, సెలెక్షన్ కమిటీ అవన్నీ చూస్తుంది.

ఇట్లు,
బాబాయి