కంపెనీ చరిత్ర చెప్పే కదిలే శిల్పం: ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ కంపెనీకి 50 ఏళ్ళు నిండుతున్నాయి, ఆఫీసు ముందు హాల్లో చరిత్ర చెప్పే కదిలే శిల్పం ఒకటి పెట్టే బాధ్యత మీ మీద పడింది, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. ఇలాంటిది నేను ఒకటి చేశాను, తూనిక యంత్రాలు తయారుచేసే కంపెనీకి. దాని పేరు చెప్పను. కింద రాయబోయే పొరపాట్లలో సగం నావి, సగం వాళ్ళవి.

మొదటి సమావేశంలోనే మీకు ఒక వీడియో చూపిస్తారు. మ్యూనిక్‌లోని బీఎండబ్ల్యూ మ్యూజియంలో 2008లో ఏర్పాటైన శిల్పం అది. సన్నటి తీగలకు 714 లోహపు గోళాలు, ఒక్కోదానికి ఒక్కో మోటారు. చూస్తుండగానే గాలిలో కారు ఆకారం తేలుతుంది. "మనకూ ఇలాంటిదే కావాలి" అంటారు. చూసి ముచ్చటపడండి, గోళాలను మాత్రం అరువు తెచ్చుకోకండి. ఒక రూపం డిజైనర్ల మనసులో మెల్లగా ఎలా కుదురుకుంటుందన్నదే అక్కడి కథ, అందుకే అతికింది. మీ దగ్గర అవే గోళాలు కంపెనీ చిహ్నంగా మారి విడిపోతే, రెండోసారి ఎవరూ తల ఎత్తి చూడరు.

నేను గీసిన మొదటి నమూనా ఇంకా ఘోరం. దశాబ్దానికొక పలక, ఒకదాని తర్వాత ఒకటి పైకి లేవాలి: స్థాపన, రెండో ఫ్యాక్టరీ, ఎగుమతులు. కదులుతోందన్న మాటే గానీ అది అచ్చంగా వార్షిక నివేదిక.

దాన్ని చెత్తబుట్టలో వేయించింది అక్కడే పనిచేసి విరమించిన ఒక పెద్దాయన. పాత త్రాసు ఒకటి బల్ల మీద పెట్టి, పళ్ళెంలో రాయి వేసి చేయి తీశారు. ముల్లు ఊగుతోంది. అది ఆగాక చూద్దామని నేను ఎదురుచూస్తుంటే, "ఇప్పుడే చూడండి" అన్నారు. అటు ఎంత పోతోందో ఇటూ దాదాపు అంతే రావాలట. రెండు ఊపులకే చతికిలబడిందంటే మధ్యలో త్రాసు దండె ఆనే అంచు అరిగినట్టేనట. ఆయన చూపుడువేలు ముల్లుతో పాటే ఊగడం నాకు ఇప్పటికీ గుర్తు.

ఆ వేలే మా శిల్పమైంది. మోటార్లతో పైకీ కిందికీ కదిలే తీగలకు 48 ఇత్తడి పళ్ళాలు, ఆరు వరుసలు, దశాబ్దానికొక వరుస. పావుగంటకోసారి అన్నీ ఒకే మట్టానికి వస్తాయి. వెనుక వరుస పాత త్రాసులా మట్టం దాటిపోయి, వెనక్కి వచ్చి, మళ్ళీ తడబడి కుదురుకుంటుంది. ముందు వరుస ఎలక్ట్రానిక్ యంత్రంలా తిన్నగా వచ్చి నిలుస్తుంది. 12 సెకన్ల పాటు అంతా నిశ్చలం. ఒక్క అక్షరం కూడా రాయలేదు. ఛైర్మన్‌గారికి తన ఫోటో లేదన్న వెలితి ఉండిపోయింది, దాన్ని పక్క గోడకు తగిలించాం.

కాబట్టి మోటార్ల లెక్కకు ముందు, మీ పాత ఉద్యోగులను కూర్చోబెట్టి, పనిలో రోజూ చేసిన కదలిక ఏదో చేత్తో చూపించమనండి. మాటల్లో చెప్పమంటే అందరూ విలువలు, నిబద్ధత అంటారు.

ఇక యంత్రం సంగతి. పళ్ళాలతో చిన్న అల ఒకటి పుట్టించాను, 1.4 సెకన్లకోసారి పైకీ కిందికీ. రెండు నిమిషాల్లో పళ్ళాలు పక్కలకు ఊగడం మొదలై, తీగలు జడల్లా పెనవేసుకున్నాయి. కారణం చిన్న లెక్క. 2 మీటర్ల తీగకు వేలాడే వస్తువుకు ఒక పూర్తి ఊపు సుమారు 2.8 సెకన్లు. నా అల సరిగ్గా అందులో సగం. ఉయ్యాల మీద నిలబడ్డ పిల్లలు గుంజీళ్ళు తీస్తూ ఊపు పెంచుకుంటారే, నేను తెలియక అదే చేశాను. అలను బాగా నెమ్మది చేశాక గాని కుదరలేదు. మీ తీగల పొడవు ఖాయం కాగానే ఈ లెక్క వేసుకోండి.

శబ్దం ఇంకో తలనొప్పి. మోటార్లను నేరుగా పైకప్పు పలకకు బిగించాం, పలక డోలులా మోగింది. రబ్బరు దిళ్ళు వేసి విడిగా చట్రం కట్టాల్సి వచ్చింది. మేము వాడిన స్టెప్పర్ మోటారు అడుగు అడుగుగా లెక్కపెట్టుకుంటూ తిరిగే రకం, దానికి కరెంటు పోయి వస్తే తానెక్కడ ఉందో తెలియదు. ప్రతి తీగకూ పైన ఒక లిమిట్ స్విచ్ (చివరి హద్దుకు చేరగానే తెలియజేసే మీట) పెట్టి, మొదలైనప్పుడల్లా అక్కడి నుంచే లెక్క మొదలుపెట్టించండి. దీనికి డబ్బు తగ్గిద్దామంటే ఒప్పుకోకండి.

స్విస్ శిల్పి జాన్ టింగ్లీ 1960లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ తోటలో తనను తానే ధ్వంసం చేసుకునే యంత్రాన్ని పెట్టి చరిత్రకెక్కాడు. ఆయన అది కావాలని చేశాడు. మీ హాల్లో సందర్శకుల తల మీద వేలాడే పళ్ళెం సంగతి వేరు. తీగలను ఎవరు, ఎన్నాళ్ళకోసారి పరీక్షిస్తారో ఒప్పందంలోనే రాయించండి. నాలుగు అదనపు మోటార్లు, ఒక తీగ చుట్ట కొని ఆ భవనంలోనే తాళం వేసి ఉంచండి. మాకు మొదటి మోటారు ప్రారంభోత్సవమైన రెండో వారంలోనే కావలసి వచ్చింది.