సీఐ టూల్ బిల్డ్ టైమ్ తప్పుగా చూపిస్తే రిపోర్ట్ చేయడం దండగా?

దండగ కాదండీ, తప్పకుండా చేయండి. (సీఐ టూల్ అంటే కోడ్ మారినప్పుడల్లా దాన్ని కట్టి టెస్టులు నడిపే సాఫ్ట్‌వేర్. అలా నడిచే ఒక్కో రన్నే బిల్డ్.) 'బిల్డ్ బాగానే పాస్ అవుతోంది కదా, అంకె ఎలా ఉంటే ఏం' అని మీరు రాశారు. ఆ అంకె చూసేది మనం కాదు, మేనేజర్లు. ఎప్పుడు ఏం జరిగిందో వరసగా రాసి ఉండే లాగ్‌ని వాళ్లు తెరవరు.

విజయనగరంలో ఇంటి నుంచి పని చేస్తున్న రోజులు (ఇప్పుడు అందర్నీ ఆఫీసుకి రమ్మంటున్నారు, అది వేరే ఏడుపు). డాష్‌బోర్డ్‌లో మా బిల్డ్ 52 నిమిషాలని చూపించింది. మీటింగులో ఒకటే రచ్చ. టెస్టులు ఎక్కువైపోయాయి, సగం పీకేయండన్నారు. అవి రాసిన కొత్తమ్మాయి పాపం నోరెత్తలేదు.

ఆ రాత్రి కరెంటు పోయి ఇన్వర్టర్ కుయ్‌మంటుంటే లాగ్ తెరిచాను. 10:04కి ఒక లైను: ఖాళీ ఎగ్జిక్యూటర్ (మెషీన్‌లో బిల్డ్ నడిచే చోటు) కోసం ఎదురుచూస్తున్నాం. ఆ తర్వాతి లైను 10:45కి. అసలు పని పట్టుమని 11 నిమిషాలు, మిగతాదంతా క్యూలో కూర్చోవడమే!

"ఏటి బాబూ, నీలో నువ్వే నవ్వుతున్నావ్?" అంది మా అత్తయ్య. కాంప్లెక్సులో బస్సు కోసం గంట నిలబడి, ఆ గంట కూడా కలిపి 'విశాఖ డ్రైవరు నిదానం' అన్నట్టుందని చెప్పాను. "బస్సులు ఎక్కువేయమనాల గానీ డ్రైవర్ని తిడితే ఏటొస్తాది?" అంది. మా ఆర్కిటెక్ట్‌కి ఇది తట్టలేదు చూడండి.

ఒక్కో టూల్‌ది ఒక్కో లెక్క. జెంకిన్స్ అనే సీఐ టూల్‌లో ఫ్రీస్టైల్ జాబ్‌కి (స్క్రీన్ మీద సెట్టింగులు నింపి చేసేది) క్యూ సమయం వ్యవధిలో కలవదు. పైప్‌లైన్ జాబ్ (దశలన్నీ స్క్రిప్టుగా రాసేది) అయితే నోడ్ కోసం, అంటే బిల్డ్ నడిపే మెషీన్ కోసం ఆగినా, ఎవరో అప్రూవల్ నొక్కేదాకా ఆగినా అదంతా వ్యవధిలోకే వచ్చేస్తుంది. గిట్‌ల్యాబ్ అనే ఇంకో టూల్ పైప్‌లైన్ వ్యవధిలో పెండింగ్ సమయం (మొదలవకుండా ఆగి ఉన్నది) కలపదు. కాబట్టి ఎవరైనా టూల్ మార్చి 'వేగం పెరిగింది' అని పార్టీ చేసుకుంటుంటే నేను నమ్మను.

ఇక రిపోర్ట్. 'టైమ్ తప్పు' అని స్క్రీన్‌షాట్ పడేస్తే ఎవరూ చూడరు. నేను ఒకే ఎగ్జిక్యూటర్ ఉంచి, 60 సెకన్లు స్లీప్ చేసే (ఏ పనీ చేయకుండా ఆగే) పైప్‌లైన్ జాబ్‌ని వెంటవెంటనే రెండుసార్లు రన్ చేశాను. రెండోది దాదాపు 2 నిమిషాలని చూపించింది. లాగ్ లైన్లతో సహా పంపితే 'డిజైనే అంత' అని టికెట్ మూసేశారు. ఒళ్లు మండింది. మళ్లీ తెరిపించి, లెక్క మార్చకపోయినా పర్లేదు, పక్కన 'క్యూతో కలిపి' అని ఒక్క ముక్క పెట్టండన్నాను. పెట్టారు, కానీ అంకె మీద మౌస్ ఉంచితేనే కనిపించేలా!

ఈలోగా ఆ రెండు లాగ్ లైన్లే చూపించి మేం ఇంకో రెండు మెషీన్లు సాధించుకున్నాం. టెస్టుల జోలికి ఎవరూ రాలేదు.