వెరైటీ అన్న మాట ఎదురైనప్పుడు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన అనువాదం రెండుసార్లు చదివానమ్మా. చెయ్యి తిరుగుతోంది, సంతోషం. రెండో పేజీలో మాత్రం ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను: "కారణాల వైవిధ్యం వల్ల మొక్క ఎండిపోతుంది." వైవిధ్యం వల్ల మొక్క ఎందుకు ఎండుతుంది? ఇంగ్లిషు మూలంలో వెరైటీ అన్న మాట కనబడగానే నిఘంటువులోని మొదటి అర్థం తెచ్చి అతికించావు. ఆ వాక్యంలో ఆ మాటకు విడిగా బరువు లేదు. కారణాలు ఒకటి కాదు, పలు అని చెప్పడమే దాని పని. "రకరకాల కారణాల వల్ల మొక్క ఎండిపోతుంది" అంటే చాలు.

ఈసారి ఇంగ్లిషులో వెరైటీ ముందు 'ఎ' (a) ఉందో, 'ద' (the) ఉందో చూడు. 'ఎ' ఉంటే దృష్టి వస్తువుల మీద ఉంటుంది, క్రియ మామూలుగా బహువచనంలో వస్తుంది. 'ద' ఉంటే దృష్టి వాటి మధ్య తేడాల మీదే, క్రియ ఏకవచనం. వైవిధ్యం అన్న మాట ఇక్కడే ఒదుగుతుంది.

మొక్కల పుస్తకం కనుక ఇంకో సంగతి. క్యాబేజీ, కాలీఫ్లవర్ చూడటానికి ఎంత వేరైనా బ్రాసికా ఒలరేసియా అనే ఒకే జాతికి చెందినవి. వృక్షశాస్త్రంలో ఆ రెండూ ఆ జాతిలోని వెరైటీలు. అక్కడ 'రకం' అనాలి. మనుషులు ఎంచి, పెంచి నిలబెట్టిన పంట రకమైతే మనకు 'వంగడం' అనే చక్కటి మాట ఉంది. దాన్ని వదులుకోకు.

వైవిధ్యం పుట్టింది 'వివిధ' నుంచే. విధం అంటేనే రకం కాబట్టి 'వివిధ రకాల' అన్నప్పుడు ఒకే సంగతి రెండుసార్లు చెప్పినట్టు. అందరూ రాస్తారు, నేను తప్పని కొట్టేయను. నీ చేతి నుంచి ఉత్త 'వివిధ' వస్తే నాకు ఇష్టం. 'నానా' జోలికి మాత్రం ఆలోచించి వెళ్లు. నానా మాటలు, నానా అవస్థలు అనీ అనీ ఆ మాటకు విసుగు అంటుకుపోయింది. 'నానావిధ' అంటే ఆ మరక ఉండదు గానీ గ్రాంథికం వాసన వేస్తుంది.

అసలు చిక్కు మన వెరైటీతోనే. లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లిషులోకి వచ్చిన ఆ మాటకు తేడాలు చూపడానికి నాలుగు వస్తువులు కావాలి. తెలుగులో ఒక్క వస్తువు చాలు, అది కొత్తగానో వింతగానో ఉంటే వెరైటీ అనేస్తాం. నువ్వు 'వెరైటీ పూలు' అని రాసినచోట పాఠకుడికి తోచేది వింత పూలు. మూలకర్త చెప్పింది పలు రకాల పూలు.

అలాగని ఆ మాటను తెలుగులోంచి తరిమేయమనడం లేదు. ఐదో పేజీలో తోటమాలి పక్కింటి గులాబీని చూసి, ఇలాంటిది ఎన్నడూ చూడలేదని ఆశ్చర్యపోతాడు కదా? మూలంలో అక్కడ వెరైటీ అన్న మాటే లేదు. అయినా "ఈ గులాబీ వెరైటీగా ఉందే!" అని రాయి.