పాఠకుల ప్రశ్నలు: ఇసుక దిబ్బలూ గోల్ఫూ

ప్రశ్న: సార్, మాది కొత్తపట్నం పక్కన పల్లె. మా అబ్బాయి సెల్‌లో గోల్ఫ్ చూస్తుంటే నేనూ పక్కన కూర్చుంటాను. నాకు ఏ కోర్సు చూసినా ఒకే పచ్చిక బయలు. మరి సెయింట్ ఆండ్రూస్, అగస్టా అని కొన్నిటి పేర్లే ఎందుకు చెప్పుకుంటారు? మన దిబ్బల మీద అలాంటిది కట్టొచ్చా?

జవాబు: మీ దిబ్బల దగ్గరే మొదలుపెడతానండీ, ఎందుకంటే గోల్ఫ్ పెరిగింది అలాంటి నేల మీదే. స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో సముద్రానికీ సేద్యపు పొలాలకీ మధ్య మిగిలిపోయిన ఇసుక నేల ఉంది, పైరుకు పనికిరాదు, గొర్రెలు మేసేవి, ఆ ఎత్తుపల్లాల మీదే 15వ శతాబ్దం నుంచి జనం ఆడుతున్నారు. ఈదురుగాలికి గొర్రెలు ఒదిగి పడుకున్న గుంటలే బంకర్లు, అంటే బంతిని ఇరికించే ఇసుక గుంటలు, అయ్యాయని అక్కడ చెప్పుకుంటారు. ఆటలో ఒక్కో అంచెను హోల్ అంటారు, చివర్లో చిన్న గుంటలో బంతి వేస్తే ఆ అంచె అయినట్టు. అంతకుముందు 22 హోల్స్ ఉంటే 1764లో 18 చేశారు, ఇప్పుడు లోకమంతా అదే లెక్క. అక్కడి 17వ హోల్ మాత్రం మీ అబ్బాయిని అడిగి తప్పకుండా చూడండి. మొదటి దెబ్బ హోటల్ మూల మీదుగా కొట్టాలి, బంతి ఎక్కడ పడుతుందో కనపడదు, గ్రీన్ (చివరి గుంట ఉండే నున్నటి పచ్చిక) వెనకాలే రోడ్డు, బంతి ఆ రోడ్డు మీదికి పోతే అక్కడి నుంచే కొట్టాలి! ఇంత పేరున్న ఈ ఓల్డ్ కోర్స్‌లో మామూలుగా ఆదివారం ఆట ఉండదు, ఊరి జనం పిల్లలతో, కుక్కలతో దాని మీద షికారు చేస్తారు. నాకు అన్నిటికన్నా ఇదే ఇష్టం కావడానికి సగం కారణం అదే.

అమెరికాలోని అగస్టా వేరే రకం. అది ఒకప్పుడు మొక్కల నర్సరీ, ఇప్పటికీ ఒక్కో హోల్‌కి ఒక్కో చెట్టు పేరో పూల పేరో ఉంటుంది. 12వ హోల్ 155 గజాలే, చూస్తే చిన్నది, కానీ ముందు వాగు, పైన ఎటు తిరుగుతుందో తెలియని గాలి. గోల్ఫ్‌లో ఎవరు తక్కువ దెబ్బల్లో ముగిస్తే వాళ్లదే గెలుపు. 2016లో ఇక్కడ జరిగిన మాస్టర్స్ టోర్నీ చివరి రోజు సగం ఆట అయ్యేసరికి 5 దెబ్బల తేడాతో ముందున్న ఆటగాడు జోర్డాన్ స్పీత్ ఈ హోల్‌లో రెండు బంతులు నీళ్లలో వేసి, 3 దెబ్బల్లో పూర్తి చేయాల్సిన దానికి 7 తీసుకున్నాడు, టైటిల్ పోయింది. చూస్తున్న మనకే అంత టెన్షన్‌గా ఉంటే అతనికెలా ఉండి ఉంటుంది.

ఇక ఫ్లోరిడాలోని సాగ్రాస్ సంగతి రొయ్యల గుంటలు చూసిన మనకు ఇట్టే అర్థమవుతుంది. అదంతా చిత్తడి నేల. 17వ హోల్ చోట మంచి ఇసుక ఉందని కోర్సు రూపకర్త పీట్ డై తవ్వించి మిగతా కోర్సుకు తోలించుకుంటూ పోతే చివరికి పెద్ద గుంట మిగిలింది, ఆయన భార్య ఆలిస్ ఇచ్చిన ఆలోచనతో నీళ్ల మధ్యలో గ్రీన్ పెట్టారు. 137 గజాల దూరం, చుట్టూ నీళ్లే, గురి తప్పితే బంతి మునగడమే. పేరున్న కోర్సులు నేల గుణాన్ని చెరిపేయవండీ, దాన్నే ఆటగాడికి పరీక్షగా పెడతాయి.

మన దిబ్బల మీద కట్టడమంటారా, నాకైతే ఇష్టం లేదు. స్కాట్లాండ్‌లో చల్లని వానకు గడ్డి దానంతటదే బతుకుతుంది, మన ఎండకు రోజూ నీళ్లు పెట్టాలి. ఆ నీళ్లు ఎక్కడివి? దిబ్బల ఇసుకలో నిలిచే తీపి నీళ్లే కదా, దొరువులు తీసి వేరుశనగకూ సరుగుడు మొక్కలకూ పోసుకునేవి. పైగా తుఫాను రోజు అల ఊరిమీదికి రాకుండా ముందు నిలబడేది ఆ దిబ్బే, దాన్ని చదును చేయనివ్వకండి.